ఆవిరి పోతుంది, లోపం పోదు

కొత్తగా కొన్న ఖరీదైన వాచీ అద్దం లోపల ఆవిరి కమ్మితే మన ఊళ్ళలో నాలుగు సలహాలు సిద్ధంగా ఉంటాయి. కొత్తల్లో అలాగే ఉంటుంది, దానంతటదే పోతుందనేది మొదటిది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టు, లేదా ఎండలో పెట్టు అనేది రెండోది. నువ్వే ఎక్కడో తడిపి ఉంటావనేది మూడోది. నీళ్ళు పోతే వారంటీ రాదు, పెద్ద కంపెనీలతో మనకెందుకనేది నాలుగోది. కారంచేడులో పెళ్ళికొడుక్కి పెట్టిన వాచీ కావచ్చు, అమెరికా నుంచి అన్నయ్య తెచ్చింది కావచ్చు, తెనాలి కుర్రాడు హైదరాబాదులో మొదటి బోనస్‌తో కొనుక్కున్నది కావచ్చు, సలహాలు మాత్రం ఇవే. చెప్పేవాళ్ళు మన మేలు కోరేవాళ్ళే. కానీ నాలుగూ తప్పే. పైగా నాలుగూ కలిసి ఒకే పని చేస్తాయి: అమ్మినవాడు చెప్పాల్సిన జవాబును కొన్నవాడి నెత్తిన పెడతాయి.

వారంటీలో ఉన్న కొత్త వాచీలో ఆవిరి కనిపిస్తే దాన్ని ముందు సాక్ష్యంగా చూడాలి. నీటిని లోపలికి రానివ్వనని ఇచ్చిన మాట తప్పిందనడానికి అది తొలి సాక్ష్యం. దాన్ని మనమే ఆరబెట్టుకుని చేజేతులా పోగొట్టుకుంటున్నాం. నా వాదన ఇదే.

ఈ సలహాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. మన నాన్నల చేతికి ఉన్నవి హెచ్ఎంటీ వాచీలు. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ, జనతా లాంటి కీ ఇచ్చే వాచీలతో దేశానికి టైము చూపించింది. ఆ తర్వాత మన హైదరాబాదు ఆల్విన్ కూడా వాచీలు చేసింది. వానలో తడిస్తేనో, పొలం కాలవలో చెయ్యి పెడితేనో మామూలు వాచీలో నెమ్ము చేరేది. మూత తీసి ఎండ చూపించేవాళ్ళు. రిపేరు షాపాయన తుడిచి, నూనె చుక్క వేసి ఇచ్చేవాడు. అప్పటికి అది సరైన పనే, ఎందుకంటే అలాంటి వాచీల్లో చాలావాటికి నీటిని ఆపుతానన్న హామీ లేదు. ఇప్పుడు లక్షలు పోసి కొన్న వాచీకి వెనక మూత మీదే ఆ హామీ చెక్కి ఉంటుంది. సరుకు మారింది, ధర మారింది, ఇచ్చిన మాట మారింది. సలహా మాత్రం జనతా వాచీ కాలం దగ్గరే ఆగిపోయింది.

ఆ హామీ చిన్నదేమీ కాదు. వాచీల పరిశ్రమ వందేళ్ళుగా గొప్పగా చెప్పుకుంటున్నది దాన్నే. 1926లో రోలెక్స్ కంపెనీ ఆయిస్టర్ పేరుతో నీరు చొరబడని కేసు తెచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఆంగ్ల యువతి ఇంగ్లిష్ ఛానెల్ చన్నీళ్ళలో గంటల తరబడి ఈదినప్పుడు ఆ వాచీ ఆమె వెంట ఉంది. బయటికొచ్చాక కూడా అది సరిగ్గానే నడుస్తోందని చాటడానికి ఆ కంపెనీ లండన్ పత్రిక డెయిలీ మెయిల్ మొదటి పేజీని కొనేసింది. నీళ్ళు పోకపోవడం కంపెనీ గొప్పతనమైనప్పుడు, నీళ్ళు పోవడం కొన్నవాడి గ్రహచారం ఎలా అవుతుంది?

ఇక సలహాలను వరసగా చూద్దాం. కొత్తల్లో ఆవిరి మామూలేననే మాట ఇన్నాళ్ళు బతికిందంటే దానికి కొంత ఆధారం ఉంది. వాచీ లోపల శూన్యం ఉండదు, గాలి ఉంటుంది. గాలిలో ఎంతో కొంత తేమ ఉంటుంది. వేడిగా ఉన్న వాచీ అద్దం ఒక్కసారిగా బాగా చల్లబడితే ఆ తేమ కాసేపు మసకగా కనిపించి పోతుందని, దానివల్ల నష్టం లేదని కొన్ని కంపెనీల వాడకం పుస్తకాల్లోనే ఉంటుంది. నిజమే. అయితే బాగా చల్లబడటమంటే ఎంత? ఆ లెక్క షాపులో ఎవరూ చెప్పరు.

గాలిలో ఎంత తేమ ఉందో దాన్నిబట్టి, ఫలానా ఉష్ణోగ్రతకు దిగితేనే అది నీరుగా మారుతుంది. వాచీని బిగించిన గదిలో 23 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ గాలిలోని తేమ నీరుగా మారాలంటే అద్దం దాదాపు 12 డిగ్రీలకు దిగాలి. స్విట్జర్లాండులో చలికాలం వెచ్చటి ఇంట్లోంచి మంచులోకి అడుగుపెడితే అంత దిగొచ్చు. కారంచేడులో ఎండలోంచి ఇంటికొచ్చి 24 డిగ్రీల ఏసీలో కూర్చున్నవాడి వాచీ అద్దం, చల్లగాలి నేరుగా దాని మీదే కొడితే తప్ప, 24 కంటే కిందికి పోదు. అయినా మసక కమ్మిందంటే లోపల ఉన్నది ఫ్యాక్టరీ గాలి కాదని అర్థం, మన గాలి దూరింది. వానాకాలంలో బాపట్ల తీరంలో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే గాలిలోని ఆ తేమ 28 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలుపెడుతుంది. సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా సముద్రం, ఇటు కృష్ణా పశ్చిమ డెల్టా కాలవలు, వరి మళ్ళు ఉన్న ప్రాంతం మనది. ఇక్కడి గాలి లోపలికి వెళ్ళిన వాచీ ఏ ఏసీ గదిలోనైనా తన సంగతి చెప్పేస్తుంది. మంచుదేశాల కోసం రాసిన మినహాయింపును మన కౌంటర్ల దగ్గర వాడుకోవడం చెల్లదు.

అంతకంటే గట్టి రుజువు ఆ పరిశ్రమ దగ్గరే ఉంది. నీటిని తట్టుకునే మామూలు వాచీలకు ఐఎస్ఓ 22810, సముద్రంలో దిగేవాళ్ళ వాచీలకు ఐఎస్ఓ 6425 అంతర్జాతీయ ప్రమాణాలు. వీటిలో ఆవిరి పరీక్ష ఉంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి పలక మీద పెడతారు. అది ఆ వేడికి చేరాక అద్దం మీద 18 నుంచి 25 డిగ్రీల నీటి చుక్క వేస్తారు. ఒక నిమిషం ఆగి పొడిగుడ్డతో తుడుస్తారు. అద్దం లోపలివైపు ఆవిరి కనిపించిందా, ఆ వాచీని పక్కన పెట్టేయాలి. కాసేపటికి పోతుందేమో చూద్దామనే వెసులుబాటు ఆ పరీక్షలో లేదు. మే నెల ఎండలో తిరిగొచ్చి చల్లటి గదిలో కూర్చునే మనిషి ఇంచుమించు ఆ పరీక్షనే తన చేతి మీద చేస్తున్నాడు. పరీక్ష బల్ల మీద పనికిరానిదన్న లక్షణమే షాపు కౌంటరు మీదికి వచ్చేసరికి మామూలైపోతోంది. ఈ రెండు నాలుకల్లో ఏది నమ్మాలో కొన్నవాడికి తెలియాలి.

రెండో సలహా బియ్యం డబ్బా. మూత గట్టిగా బిగిసిన వాచీలోంచి బియ్యం తేమను లాగలేదు. లాగగలిగిందంటే తేమ బయటికి రావడానికి ఎక్కడో సందు ఉన్నట్టే. వచ్చిన దారినే మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఎండలో పెట్టడం ఇంకా మోసం. వేడికి చుక్కలు ఆవిరైపోతాయి, అద్దం తేటగా కనిపిస్తుంది, మనసు కుదుటపడుతుంది. నీరు మాత్రం లోపలే ఉంటుంది. కొమ్మమూరు కాలవకు గండి పడి పొలంలోకొచ్చిన నీళ్ళు ఎండకు ఇంకిపోతే గండి పూడిందని ఏ రైతూ అనుకోడు. వాచీ విషయంలో మాత్రం అందరం అనుకుంటున్నాం.

అద్దం తేటపడ్డాక లోపల జరిగేది కనిపించదు. కీ కడ్డీ, సన్నటి ఉక్కు స్క్రూలు, స్ప్రింగులు తుప్పు పట్టడం మొదలవుతుంది. డయల్ రంగు పొంగుతుంది, ముళ్ళ మీద మచ్చలు పడతాయి, మిషన్‌లోని నూనె చెడుతుంది. పోయింది ఉప్పునీరైతే మరీ తొందరగా జరుగుతుంది. ఆరు నెలల తర్వాత వాచీ ఆగిపోయి సర్వీస్ సెంటరుకు వెళ్తే, మూత తీసినవాళ్ళకు తుప్పు కనిపిస్తుంది. నీటివల్ల పాడైంది, వారంటీ వర్తించదని రాసేస్తారు. మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే నీటిని ఆపే రబ్బరు రింగు లోపమని తేలేది. నెలలు గడిచాక అది వాడినవాడి నిర్లక్ష్యంగా మారిపోతుంది. బియ్యం డబ్బా కాపాడింది కంపెనీని.

మూడో సలహాలో కొంత న్యాయం ఉంది, దాన్ని దాటవేయను. బిగించే కీ ఉన్న వాచీకి కీ బిగించకుండా స్నానానికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. 30 మీటర్లు అని రాసి ఉంది కదా అని దాంతో సూర్యలంక సముద్రంలో దిగేవాళ్ళూ ఉన్నారు. ఆ అంకె ఈతకు కొలత కాదు. కదలని నీటిలో 3 బార్ల ఒత్తిడికి గుర్తు అది. చేతులు కడుక్కోవడానికి, చినుకులకు సరిపోతుంది. దానితో సముద్రస్నానం చేస్తే తప్పు చేసినవాడిదే. వేడినీళ్ళు, సబ్బు, సెంటు కూడా కాలక్రమంలో రబ్బరు రింగులను పాడుచేస్తాయి. వాచీ కొన్నవాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులని నేను అనడం లేదు.

కానీ తప్పు వాడినవాడిదో, వస్తువుదో తేల్చే మార్గం ఉన్నప్పుడు అనుమానంతో తీర్పు చెప్పేయడం ఏం పద్ధతి? మంచి సర్వీస్ సెంటర్లలో వాచీని నీళ్ళలో ముంచకుండా గాలి ఒత్తిడితోనే పరీక్షించే యంత్రం ఉంటుంది. కీ పూర్తిగా బిగించి, మూత తీయకముందే పరీక్షిస్తే సంగతి చాలావరకు బయటపడుతుంది. కీ బిగించి ఉన్నా గాలి కారుతుంటే, దెబ్బ తగిలిన గుర్తులు లేకపోతే, అనుమానం ముందుగా తయారీ మీదికి వెళ్ళాలి. అన్నీ గట్టిగా ఉండి పరీక్ష నెగ్గితే, అప్పుడు కీ ఎప్పుడైనా తెరిచి ఉందా అని అడగడం సబబు. ముందు మూత తీసి, రింగులు మార్చేసి, ఆ తర్వాత మీరే తడిపారంటే దాన్ని తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. సముద్రంలో దిగే వాచీల ప్రమాణం ప్రకారం ప్రతి వాచీనీ విడిగా పరీక్షించాలి. అదీ రాసిన లోతు ఒత్తిడికి పాతిక శాతం ఎక్కువ పెట్టి. మామూలు వాచీల ప్రమాణం అంత కోరదు, కొన్నింటిని నమూనాగా తీసి చూసినా చాలు. కొన్ని కంపెనీలు తమంతట తాము అన్నింటినీ పరీక్షిస్తాయి, అది వాటి గొప్ప. కానీ మన చేతికొచ్చిన ఆ ఒక్క వాచీ పరీక్ష చూసిందో లేదో కొన్నవాడికి తెలియదు. పరీక్షించామని కాగితం చూపించలేనివాడు, నువ్వే తడిపావని వేలెత్తి చూపించడం అన్యాయం.

నాలుగో సలహా అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అది నోరు కట్టేస్తుంది. నీళ్ళు పోతే వారంటీ రాదని నమ్మినవాడు కార్డు కూడా తీసి చూడడు. తీసి చూస్తే, సాధారణంగా అందులో మినహాయించేది దుర్వినియోగం, ప్రమాదం, అరుగుదల, బయటివాళ్ళు మూత తీయడం లాంటివి. దుర్వినియోగమని చెప్పేవాళ్ళు ఏ దుర్వినియోగమో, దేన్నిబట్టి చెబుతున్నారో రాసివ్వాలి. రోలెక్స్ 2015 నుంచి, ఒమేగా 2018 నుంచి కొత్త వాచీలకు ఐదేళ్ళ హామీ ఇస్తున్నాయి. అంత పొడుగు హామీ మొదటి ఏడాదే ఆవిరి దగ్గర ఆగిపోతే దాని అర్థమేమిటి?

చట్టం కూడా మనం అనుకున్నంత బలహీనంగా లేదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10)లో లోపమంటే ఏమిటో చెప్పింది. చట్టమో ఒప్పందమో కోరిన నాణ్యత లేకపోవడం ఒక్కటే లోపం కాదు. వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి సరుకు తూగకపోవడమూ లోపమే. వెనక మూత మీద చెక్కిన మీటర్ల అంకె అలా చెప్పుకున్న మాటే. సరైన పరీక్ష లేకుండా వస్తువు పనితనానికి హామీ ఇవ్వడాన్ని సెక్షన్ 2(47) అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. పరీక్షించాకే హామీ ఇచ్చామని వాదిస్తే ఆ సంగతి రుజువు చేసుకోవాల్సిన బాధ్యత వాదించినవాళ్ళదే. వాచీ హైదరాబాదులో కొన్నా, మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల రూపాయలలోపు సరుకుకు ఫిర్యాదు ఫీజు లేదు. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే కమిషన్ దానికి సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు, ఆ ఖర్చు మాత్రం ముందు ఫిర్యాదుదారే కట్టాలి. లోపం తేలితే సరిచేయమని, మార్చివ్వమని, డబ్బు వెనక్కివ్వమని ఆదేశించగలదు. గడువు రెండేళ్ళు.

ఇందులో ఒక కొరత ఉంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2022 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం, కొన్న ఏడాదిలోపు బయటపడిన లోపం కొన్ననాడే ఉందని అనుకోవాలి, కాదంటే అమ్మినవాడే నిరూపించాలి. మన చట్టంలో అంత స్పష్టమైన ఏర్పాటు లేదు, లోపం ఉందని చూపించే భారం చాలావరకు మనమీదే పడుతుంది. అందుకే సాక్ష్యాన్ని ఎండబెట్టొద్దని ఇంతగా చెప్పడం.

తెనాలిలో, రేపల్లెలో వాచీలు బాగుచేసేవాళ్ళ మీద నాకు చిన్నచూపు లేదు. కంటికి భూతద్దం పెట్టుకుని వాళ్ళు చేసే పని చాలామంది ఇంజనీర్లకు చేతకాదు. కానీ వారంటీలో ఉన్న వాచీ మూత వాళ్ళచేత తీయించడం రెండు విధాల నష్టం. బయట తెరిచారన్న కారణంతో కంపెనీ చేతులు దులుపుకుంటుంది. పైగా వానాకాలం షాపులో మూత తీసి మళ్ళీ బిగిస్తే, ఆ రోజు గాలిలోని తేమే లోపల బందీ అవుతుంది. ఒత్తిడి పరీక్ష యంత్రం లేని చోట ఎంత నేర్పున్నా మూత గట్టిగా బిగిసిందో లేదో తేల్చలేరు. నేర్పున్న రిపేరు షాపాయన నిజాయితీగా చెప్పే మాట కూడా ఇదే: వారంటీ ఉంటే నా దగ్గర తెరిపించకండి.

ఇదంతా డబ్బున్నవాళ్ళ బాధ కదా, దీనికింత వ్యాసమా అని అడిగేవాళ్ళుంటారు. కారంచేడు పేరు వినగానే 1985 జూలై 17న జరిగిన దళితుల ఊచకోత గుర్తొచ్చేవాళ్ళకు ఈ విషయం చిన్నదిగా తోచడం న్యాయం. ఇది చిన్నదే. దాని పక్కన పెట్టదగినది కాదు. అయితే వారంటీ కార్డులోని ఆ దుర్వినియోగం మినహాయింపు లక్షల వాచీతో ఆగదు. రెండువేల వాచీకీ, కుర్రాడు కిస్తీల మీద కొన్న ఫోనుకూ, పొలంలో నీళ్ళమోటారుకూ అదే భాష, కౌంటరు దగ్గర అదే జవాబు: నీళ్ళు పోయాయి, మాకు సంబంధం లేదు. లక్షలు పెట్టి కొన్నవాడే తలూపి వెనక్కొస్తే, రెండువేలు పెట్టినవాడి మాట ఎవరు వింటారు? అడగగలిగే స్తోమత ఉన్నవాళ్ళు అడగకపోవడం వల్లే ఆ జవాబు చట్టంలా చెలామణి అవుతోంది.

అడగడానికి పెద్ద యుద్ధం అక్కర్లేదు. ఆవిరి కనిపించిన వెంటనే ఫోన్లో ఫొటో, వీడియో తీయాలి, తేదీ, వేళ తెలిసేలా. కీ బిగించి ఉందో లేదో కూడా అందులో కనిపించాలి. కీ లాగొద్దు, తిప్పొద్దు, ఎండలో పెట్టొద్దు. బిల్లు, షాపు పేరూ తేదీ ఉన్న వారంటీ కార్డు వెతికి పెట్టుకుని, అదే రోజు షాపుకూ కంపెనీకీ ఈమెయిల్ రాయాలి. అమెరికాలో కొన్నదైతే ఆ హామీ మన దేశంలో చెల్లుతుందో లేదో, అమ్మింది అధీకృత డీలరో కాదో ముందు చూసుకోవాలి. తక్కువ ధరకు బయటి డీలరు దగ్గర కొంటే ఈ వాదనకు సగం బలం పోతుంది. వాచీ అప్పజెప్పేటప్పుడు జాబ్ కార్డు మీద ‘అద్దం లోపల తేమ’ అని రాయించాలి, ‘సర్వీసు కోసం’ అని రాస్తే ఒప్పుకోకూడదు. మూత తీయకముందు ఒత్తిడి పరీక్ష చేసి ఫలితం రాసివ్వమనాలి, తిరిగిచ్చేటప్పుడు రెండో పరీక్ష ఫలితం అడగాలి. ఒకసారి రింగులు మార్చి, లోపల ఆరబెట్టి, పరీక్షించి ఇస్తే ఒప్పుకోవచ్చు. రెండోసారి కూడా ఆవిరి వస్తే కొత్త వాచీ అడగడం అత్యాశ కాదు. కాదంటే కాదని రాసివ్వమనాలి. ఆ కాగితం చేతిలో ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, కమిషన్‌కు వెళ్ళినా మన మాటకు బరువుంటుంది.

డీలర్లు కూడా చేయగలిగింది ఉంది. లక్షలు తీసుకునే షాపు, వాచీ చేతికిచ్చేముందు ఒత్తిడి పరీక్ష చేయించి ఆ చీటీ డబ్బాలో పెట్టడం ఎంత పని? అది పెడితే నిజంగా తడిపినవాడు అబద్ధమాడలేడు, నిజంగా కారిన వాచీని కంపెనీ దాచలేదు. పెట్టనంతకాలం అనుమానం ఎవరిమీద పడాలో స్పష్టమే. బంధువులం, స్నేహితులం మనం చేయాల్సింది ఇంకా చిన్నది. ఆవిరి పట్టిన వాచీ చూపించినవాణ్ణి ఎక్కడ తడిపావని అడగడం మానేసి, ఎక్కడ కారిందని అమ్మినవాణ్ణి అడగమని పంపుదాం.